పేరు రాయకపోతే అడగనక్కర్లేదా? బడిపిల్లల హెచ్‌ఐవీ పరీక్ష గురించి ఒక మాస్టారికి జవాబు

మాస్టారూ, మీ ప్రశ్న చదవని వాళ్ల కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. మీరు ఒడిశాలోని రాయగడ జిల్లాలో, గుణుపురానికి దగ్గరలో ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెబుతున్నారు. ఒక పరిశోధక బృందం వచ్చి, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఉన్న పిల్లలందరికీ వేలికొన గుచ్చి, చుక్క రక్తం వడపోత కాగితం మీద ఆరబెట్టి తీసుకువెళ్తామంది. కాగితం మీద పేరు ఉండదు. కోడ్ నంబరు, వయసు, ఆడా మగా, ఏ తెగ, ఏ ఊరు అన్నవి మాత్రం ఉంటాయి. హెచ్‌ఐవీ ఉందో లేదో దూరాన ఒక ల్యాబులో చూస్తారు. ఫలితం ఎవరికీ చెప్పరు. పిల్లలకూ ఇళ్లవాళ్లకూ ‘మామూలు ఆరోగ్య పరీక్ష’ అని చెబితే సరిపోతుందన్నారు. తల్లిదండ్రుల తరఫున హెడ్‌మాస్టరు గారు సంతకం పెడతానన్నారు. పేరే లేనప్పుడు నష్టం ఎవరికి అన్నది మీ సందేహం.

ఇరవై ఆరేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి పర్లాకిమిడిలో స్థిరపడ్డాను. అందులో సగానికి పైగా హెచ్‌ఐవీ పరీక్షల గదిలోనే గడిచింది. నా జవాబు ముందే చెప్పేస్తాను: వాళ్లు చెప్పిన పద్ధతిలో అయితే ఒప్పుకోకండి. కానీ కారణం మీరు అనుకుంటున్నది కాకపోవచ్చు.

పేరు లేని పరీక్ష దొంగపని కాదు. అది నా చేతులతో నేనే చేశాను. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (‘నాకో’ అంటారు) దేశమంతటా నిఘా సర్వే నడిపేది. గర్భిణుల పరీక్షా కేంద్రాల్లో ఒక్కో చోట మూడు నెలల్లో 400 నమూనాలు తీయాలి. కడుపుతో ఉన్నావిడ సుఖవ్యాధుల పరీక్షకు, రక్తహీనత పరీక్షకు ఎలాగూ రక్తం ఇస్తుంది. ఆ గొట్టం మీద పేరు ఉంటుంది. ఆ పరీక్షలు అయిపోయాక మిగిలిన సీరంలో కొంచెం ఒక చిన్న సీసాలోకి వంపుతాం. సీసా మీద నంబరు ఒక్కటే. పక్కన కాగితంలో వయసు, చదువు, పల్లెనా పట్నమా, భర్త ఏం పని చేస్తాడు, వలస వెళ్తాడా అన్న వివరాలు. మా వైపు నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లే మగవాళ్లు ఎక్కువ కాబట్టి ఆ ‘వలస’ గడిలో టిక్కులు చాలానే పడేవి. సీసా మీద పేరు రాయకూడదన్న జాగ్రత్త ఎంతగా ఉండేదంటే, ఒకసారి పొరపాటున ఇంటిపేరు మొదటి అక్షరం రాసిన సీసాను మా డాక్టరు గారు నా ఎదుటే పారబోయించారు.

ఎన్నో నెలల తర్వాత నివేదిక వచ్చింది. మా కేంద్రం ఎదుట సున్నా కాని అంకె ఉంది. నాలుగు వందల్లో ఒక్కరు ఉంటే 0.25 శాతం అని పడుతుంది. అంటే ఆ శాతాలన్నీ తిరగేస్తే వేళ్ల మీద లెక్కపెట్టదగిన మనుషులు. ఆవిడ నా ముందు చెయ్యి చాపి కూర్చుంది. బహుశా సూది చూసి మొహం పక్కకు తిప్పుకుని ఉంటుంది. ఎవరో నాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. ఆ పద్ధతిని అలాగే కట్టారు మరి.

ఆ రోజుల్లో ఒక సమాధానం చెప్పుకునేవాళ్లం: తెలిసినా చేయగలిగింది ఏముంది? అది పూర్తిగా అబద్ధం కాదు. మన దేశంలో ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో, అదీ ముందు కొన్ని రాష్ట్రాల్లోనే. మందు లేని చోట పేరు బయటపడితే ఆవిడకు మిగిలేది అవమానం ఒక్కటే. అందుకే పేరు చెరిపేయడం దయగానే ఉండేది. ఇప్పుడు ఆ మాట చెల్లదు. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన వెంటనే, రక్తంలో రోగాన్ని ఎదిరించే సీడీ4 కణాల లెక్క ఎంత ఉన్నా మందు మొదలుపెడుతున్నారు. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. వేళకు మందు వేసుకునేవాళ్లు చదువుకుంటున్నారు, పెళ్లి చేసుకుంటున్నారు, వ్యాధి లేని బిడ్డల్ని కంటున్నారు. ఒక పిల్ల రక్తంలో వైరస్ ఉందని ల్యాబు కాగితానికి తెలిసి, ఆ పిల్లకు మాత్రం తెలియకుండా ఉండిపోవడం అప్పట్లో నిస్సహాయత. ఇప్పుడు మనం కావాలని చేసిన పని అవుతుంది.

ఈ తగవు మనకే వచ్చింది కాదు. అమెరికాలో 1988 నుంచి పుట్టిన బిడ్డల మడమ గుచ్చి తీసిన రక్తంలో మిగిలినదాన్ని పేరు తీసేసి హెచ్‌ఐవీకి చూసేవారు. బిడ్డ రక్తంలో తల్లి యాంటీబాడీలు ఉంటాయి కాబట్టి ఎందరు తల్లులకు వ్యాధి ఉందో లెక్క తేలేది. 1994లో ఏజెడ్‌టీ అనే మందు గర్భిణికీ, పుట్టాక బిడ్డకూ ఇస్తే బిడ్డకు సోకే ముప్పు మూడింట రెండు వంతులు తగ్గుతుందని రుజువైంది. అంతే, ప్రశ్న మారిపోయింది. చేతిలో మందు ఉండి, ఏ బిడ్డకు ముప్పో తెలుసుకునే వీలుండి, తెలియనట్టు ఎలా ఊరుకుంటారని జనం అడిగారు. 1995లో ఆ సర్వే ఆపేశారు. వైద్యం ముందుకు పోతే నిన్న నీతిగా ఉన్నది రేపు నీతి కాకుండా పోవచ్చు. మీ దగ్గరకు వచ్చిన బృందం పాత పుస్తకం పట్టుకొచ్చిందని నా అనుమానం.

గర్భిణుల సర్వేకు ఇంకొక ఆసరా ఉండేది. అదే ఆసుపత్రిలో, నాలుగడుగుల దూరంలో ఐసీటీసీ గది, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్షల గది, ఉంటుంది. కావాలంటే పేరుతో, కౌన్సెలరు మాట్లాడాక, ఉచితంగా పరీక్ష చేయించుకోవచ్చు. పేరు లేని పరీక్ష ఒక తలుపు అయితే పక్కనే పేరున్న తలుపు కూడా తెరిచే ఉండేది. మీ బడిలో ఆ రెండో తలుపు ఏది? పద్నాలుగేళ్ల పిల్ల తనంతట తాను గుణుపురం ఆసుపత్రికి పోయి పరీక్ష చేయించుకోలేదు. పద్దెనిమిది నిండకపోతే తల్లిదండ్రుల సమ్మతి అడుగుతారు. దక్షిణాఫ్రికా చట్టంలో పన్నెండేళ్లు నిండిన పిల్లలు తమంతట తామే సమ్మతి ఇవ్వవచ్చు. మన దగ్గర అలా లేదు.

ఇక చట్టం. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనిషికి విషయం తెలిపి సమ్మతి తీసుకోకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదని అయిదో సెక్షన్ చెబుతుంది. ఆరో సెక్షన్‌లో మినహాయింపులు ఉన్నాయి. వాటిలో ఒకటి సరిగ్గా మీ బృందం చూపించేదే: వ్యాధి వ్యాప్తిని అంచనా వేయడానికి పేరు లేకుండా, ఫలానా మనిషికి ఉందా లేదా అని తేల్చే ఉద్దేశం లేకుండా చేసే పరీక్షకు ఆ సమ్మతి అక్కర్లేదు. కాబట్టి ఇది చట్టవిరుద్ధమని మీరు ఒక్క మాటతో కొట్టేస్తే వాళ్లు ఈ సెక్షన్ తీసి మీ ముందు పెడతారు. కానీ దాని కిందే ఒక షరతు ఉంది, దాన్ని చదివించండి. అలాంటి సర్వేలో ఉన్నవాళ్లకు ఆ సర్వే ఎందుకో చెప్పి తీరాలి. ‘మామూలు ఆరోగ్య పరీక్ష’ అన్న క్షణంలోనే ఆ మినహాయింపు నీడ వాళ్ల మీద లేకుండా పోతుంది. ఒక్క అబద్ధంతో వాళ్ల గొడుగును వాళ్లే మూసుకున్నారు.

పైగా చట్టం ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు. పిల్లల మీద చేసే వైద్య పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. తల్లిదండ్రుల సమ్మతికి తోడు పన్నెండు దాటిన పిల్లల దగ్గర వాళ్ల ఇష్టాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి. బడి పెద్ద, ఊరి పెద్ద అనుమతి ఇవ్వడం లోపలికి రానివ్వడానికే. ఆ సంతకం తల్లి సంతకానికీ పిల్ల సంతకానికీ బదులు కాదు.

హెడ్‌మాస్టరు గారి మంచితనం మీద నాకు అనుమానం లేదు. అయితే ఆయనకు భద్రాచలం వైపు జరిగింది గుర్తు చేయండి. మన మల్కన్‌గిరికి ఆనుకునే ఉంది కదా ఆ ప్రాంతం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రయోగాత్మకంగా వేశారు. చాలామంది గిరిజన హాస్టల్ పిల్లలు. వేల ఫారాల మీద తల్లిదండ్రుల చోట వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది, పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దాన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా చెడ్డదని నేను అనడం లేదు. అక్కడ జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు కూడా. కానీ టీకా మంచిదైనా, అడగకుండా వేయడం వల్ల ఆ ఊళ్లలో టీకా అన్న మాటే పాడైంది. ‘మీ బడికి పంపితే మాకు చెప్పకుండా సూది వేస్తారు’ అని ఒక్కసారి కొండమీది ఊరికి తెలిస్తే, మరుసటి ఏడు మీ హాజరు పట్టీలో ఎన్ని గీతలు పడతాయో మీకే బాగా తెలుసు.

పేరు తీసేస్తే మనిషి కనపడడు అన్నది ఇంకో నమ్మకం. దీన్ని మీరే పరీక్షించి చూడండి. ఈ రాత్రి మీ పదకొండో తరగతి హాజరు పట్టీ తీసుకుని కూర్చోండి. ఆడపిల్లల్ని ఒక పక్క రాయండి. అందులో సవర పిల్లలెవరో చూడండి. వాళ్లలో పదిహేడేళ్లు నిండినవాళ్లు ఎందరు? వాళ్లలో ఫలానా పంచాయతీ నుంచి వచ్చినవాళ్లు? మూడో ప్రశ్న దగ్గరే ఒక్క పేరు మిగులుతుందని పందెం కాస్తాను. నేను వేరే ఊళ్లో ఒక తరగతికి ఇలా వేసి చూశాను. ఇరవై ఎనిమిది మందిలో పంతొమ్మిది మంది పేర్లు కాగితం చూడకుండానే చెప్పగలిగాను. పెద్ద ఆసుపత్రిలో నంబరు నంబరుగానే ఉంటుంది. చిన్న బడిలో నంబరు అంటే మారుపేరు, అంతే.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక ఆడపిల్లల హాస్టల్‌కు రక్తపరీక్షల శిబిరానికి వెళ్లాను. హెచ్‌ఐవీ పరీక్ష కాదు. మన వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఎక్కువ, మలేరియా ఎక్కువ. వేలు గుచ్చించుకోవడం ఆశ్రమ పాఠశాల పిల్లలకు కొత్తేమీ కాదు. వరండాలో బల్ల వేసుకున్నాం. పిల్లలు వరుసలో నిలబడి ఒకరినొకరు గిల్లుకుంటూ నవ్వుకుంటున్నారు. పట్టీలో ఒక పేరు పిలిచారు, పలకలేదు. మళ్లీ పిలిచారు. తొమ్మిదో తరగతి పిల్ల, స్నానాల గదిలో లోపల గడియ పెట్టుకుంది. మేట్రన్ తలుపు కొట్టి, ఇంత పిరికిదానివా అని కేకలు వేసింది. వరుసంతా నవ్వింది. ‘సూదికి అంత భయమా’ అని నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సాయంత్రం సామాను సర్దుకుంటుంటే ఆ పిల్ల వచ్చి దూరంగా నిలబడింది. చేతిలో పుస్తకాల సంచి. సంచి లోపలి జేబులోంచి తెల్లటి మందు డబ్బా తీసి చూపించింది. లేబుల్ గోకేసి ఉంది. ఏఆర్‌టీ మందుల డబ్బాను నేను ఎక్కడైనా గుర్తుపడతాను. పుట్టుకతో వచ్చింది. తల్లి పోయింది, మేనమామ మందులు తెచ్చిపెడతాడు. హాస్టల్‌లో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల నన్ను అడిగింది ఒక్కటే: “సార్, ఆ చుక్కలో అది కూడా తెలిసిపోతుందా?” తెలియదమ్మా, ఇది వేరే పరీక్ష అన్నాను. నమ్మినట్టు తల ఊపింది. నమ్మలేదని నాకు అర్థమైంది.

ఇప్పుడు మీ బృందం వచ్చే రోజును ఊహించుకోండి. మన వైపు తొమ్మిదో తరగతిలో హెచ్‌ఐవీ ఉన్న పిల్ల అంటే ఎక్కువ సందర్భాల్లో తల్లి నుంచి వచ్చినదే. ఆ పిల్లకు ముందే తెలిసి ఉండవచ్చు. లేదా ఇంట్లోవాళ్లు ‘రక్తం పట్టడానికి మందు’ అని చెప్పి దాచి ఉంచి ఉండవచ్చు. మందు వాడుతున్నా యాంటీబాడీ పరీక్ష పాజిటివ్‌గానే చూపిస్తుంది. తెలిసిన పిల్ల వరుసలో నిలబడాలా, తప్పుకోవాలా? నిలబడితే లోపల వణుకు. తప్పుకుంటే ‘ఆమె ఎందుకు తప్పుకుంది’ అని నలభై మంది. వద్దనే హక్కు కాగితం మీద ఉంటుంది. అందరి ముందు వద్దంటే ఆ మాటే ఫలితం ప్రకటించినట్టు అవుతుంది. రక్తం గుచ్చకముందే రహస్యం బయటపడే పద్ధతిని ‘అజ్ఞాత పరీక్ష’ అనడం నాకు మింగుడుపడదు.

లెక్కలు కూడా చూద్దాం, మీరు సైన్సు మాస్టారు. దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల వాళ్లలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు నూటికి 0.2 దగ్గర ఉన్నారని ‘నాకో’ సంస్థ అంచనా. బడిపిల్లల్లో ఇంకా తక్కువే ఉండాలి. పెద్దల లెక్కే వేసినా నాలుగు వందల మందిలో ఒక్కరు కూడా నిండరు. వ్యాధి లేని వెయ్యి మందిలో ఐదుగురిని పొరపాటున పాజిటివ్ అని చూపించే కిట్ ఉందనుకోండి. అది మంచి కిట్ అనే అంటాం. దానితో నాలుగు వందల మందిని చూస్తే ఇద్దరు ఉత్తుత్తి పాజిటివ్‌లు. నిజం ఒకటి లోపు, పొరపాటు రెండు. అందుకే ఐసీటీసీలో లక్షణాలు లేని మనిషిని మూడు వేర్వేరు కిట్లతో చూడకుండా పాజిటివ్ అనరు. ఈ బృందం ఒక్క పరీక్షతో ఆపుతుందా, మూడూ చేస్తుందా అని అడగండి. ఒక్కటే అయితే తేలేదేమీ ఉండదు. కానీ వ్యాసం మాత్రం అచ్చవుతుంది, ఆపైన ‘గిరిజన హాస్టల్ పిల్లల్లో హెచ్‌ఐవీ’ అని పేపర్లో శీర్షిక కూడా. అప్పుడు ఏ పిల్ల పేరూ లేకుండానే అందరి పిల్లల పేర్లూ చెడతాయి. సంబంధాలు చూసే రోజు వచ్చినప్పుడు ‘ఆ హాస్టల్‌లో చదివిందా’ అంటారు.

ప్రశ్నావళి కూడా ఉంటుందట కదా. లైంగిక సంబంధాల గురించి పద్దెనిమిది లోపు పిల్లల్ని అడిగేటప్పుడు పోక్సో చట్టం గుర్తుండాలి. తెలిసిన నేరాన్ని పోలీసులకు చెప్పకపోవడం ఆ చట్టం కింద శిక్షార్హం. ‘ఎవరికీ చెప్పం’ అని పిల్లకు మాట ఇచ్చి, ఆమె ఏదైనా ఘోరం చెప్పుకుంటే వీళ్లు ఏం చేస్తారు? దీనికి వాళ్ల దగ్గర రాసిపెట్టుకున్న జవాబు లేకపోతే ఆ ప్రశ్నలు అసలు అడగనివ్వకండి.

అయితే ఎక్కడా చేయకూడదా అంటారు. చేయవచ్చు. దక్షిణాఫ్రికాలో క్వాజులు-నాటల్ పల్లెల్లో హైస్కూలు పిల్లల దగ్గర ఇలాగే ఎండిన రక్తపు చుక్కలు తీసుకుని పేరు లేకుండా చూశారు. మగపిల్లల కంటే ఆడపిల్లల్లో వ్యాధి చాలా ఎక్కువని తేలింది. అక్కడ వ్యాధి వేలాది ఇళ్లలో ఉంది, ఆ అంకెతో చేయాల్సిన పని ఎదురుగా ఉంది. మన బడిలో తేలే అంకెతో ఎవరు, ఏ పని, ఎప్పుడు చేస్తారు? జిల్లా పరిస్థితి తెలియడానికే అయితే ఐసీటీసీ రిజిస్టర్లు, గర్భిణుల పరీక్షల లెక్కలు, ఏఆర్‌టీ కేంద్రంలో వయసులవారీ వివరాలు ఉన్నాయి. పేర్లు లేకుండా ఆ లెక్కలు అడిగి తీసుకోవచ్చు. ఏ పిల్ల వేలూ గుచ్చనక్కర్లేదు. కాకపోతే దుమ్ము పట్టిన రిజిస్టర్ల ముందు నెల రోజులు కూర్చోవాలి. ఆ ఓపిక లేనివాళ్లకే హాస్టల్ వరుస తేలికగా కనపడుతుంది. నాలుగు వందల మంది ఒకేచోట, అడిగినప్పుడల్లా చెయ్యి చాపే పిల్లలు.

మీరు చేయగలిగినవి చెబుతాను. బృందాన్ని మూడు కాగితాలు అడగండి. నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి పత్రం, అందులో పిల్లల వయసు, ‘హెచ్‌ఐవీ’ అన్న మాట రెండూ ఉండాలి. తల్లిదండ్రులకు ఇచ్చే సమాచార పత్రం ఒడియాలో, తెలుగులో, చదువు రాని కుయి, సవర ఇళ్లకు చదివి వినిపించే ఏర్పాటుతో. తనకు ఫలితం తెలుసుకోవాలని ఉన్న పిల్లకు ఏ దారి ఉందో చెప్పే కాగితం. మూడోది చాలామంది దగ్గర ఉండదు. తెగ, ఊరు గడులు తీసేయమనండి. ‘ఎలాగూ సికిల్ సెల్ శిబిరంలో తీస్తున్న రక్తమే కదా, అందులోంచి వాడుకుంటాం’ అంటే అసలు ఒప్పుకోకండి. ఒక పరీక్షకు ఇచ్చిన చెయ్యిని ఇంకో పరీక్షకు వాడుకుంటే, రేపు మలేరియా శిబిరానికి కూడా ఎవరూ రారు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, పైనుంచి ఉత్తర్వు వచ్చి, తప్పనిసరి అయితే వరుస మాత్రం పెట్టనివ్వకండి. ఒక్కొక్కరిని లోపలి గదిలోకి పంపండి. ఇష్టమా కాదా అన్నది ఆ గదిలోనే, తలుపు వేసి అడగాలి. వద్దన్న పిల్ల వేలికి కూడా ప్లాస్టర్ అంటించి, అంతే సేపు కూర్చోబెట్టి బయటకు పంపాలి. బయట నిలబడ్డవాళ్లకు అందరి వేళ్లకూ ఒకే ప్లాస్టర్ కనపడాలి. లోపల టీచర్లు ఉండకూడదు, మీతో సహా.

అసలు ఆ బృందానికి పిల్లల మీద అంత శ్రద్ధే ఉంటే, ముందు పాఠం చెప్పమనండి. కౌమార విద్య పేరుతో తొమ్మిది, పదకొండు తరగతులకు 2005లో ఒక కార్యక్రమం వచ్చింది. 2007లో మహారాష్ట్రతో సహా చాలా రాష్ట్రాలు సిగ్గుపడి దాన్ని ఆపేశాయి. చెప్పడానికి సిగ్గుపడి గుచ్చడానికి సిగ్గుపడకపోవడం నాకు వింతగా ఉంటుంది. మీరు మాత్రం మీ తరగతి గది గోడ మీద 1097 అని పెద్దగా రాయండి. అది ఎయిడ్స్ హెల్ప్‌లైన్ ఉచిత నంబరు, పేరు చెప్పకుండానే మాట్లాడవచ్చు. కింద ఏమీ రాయకండి. అవసరమైన పిల్ల అది ఏమిటో తనే కనుక్కుంటుంది.

హెడ్‌మాస్టరు గారితో గొడవ పడకండి. ‘తల్లిదండ్రుల సమావేశం పెట్టాక చూద్దాం’ అని ఒక్క ఉత్తరం ఆయన చేతే రాయించండి, తేదీ వేయించండి. పంట పనులు అయ్యేదాకా కొండమీద నుంచి ఎవరూ దిగరు. ఈలోగా బృందం ఆ మూడు కాగితాలు తెస్తే నాకు చూపించండి. ఫారంలో ఏ గడి ఉండకూడదో ఎర్రసిరాతో గీసి పంపుతాను.